గది కూడా వాయించిన ఆల్బమ్: నిర్వాణ ‘ఇన్ యుటెరో’

ఆల్బమ్ మొదలవగానే ముందుగా చెవిన పడేది పాట కాదు. డ్రమ్మర్ రెండు కర్రలు తట్టి తాళం లెక్కపెట్టే చప్పుడు. ఆ వెనకే గిటార్ నుంచి ఏ శ్రుతికీ ఒదగని మోత ఒకటి మీద పడుతుంది. ఇల్లు పూర్తయ్యాక పరంజా విప్పేసినట్టు, ఇలాంటి కర్రల చప్పుళ్ళను చివర్లో కత్తిరించేయడం స్టూడియోల్లో మామూలే. అమెరికా రాక్ బృందం నిర్వాణ 1993 సెప్టెంబరులో విడుదల చేసిన ‘ఇన్ యుటెరో’లో ఆ చప్పుడును అలాగే ఉంచేశారు. పన్నెండు పాటలు, దాదాపు 41 నిమిషాలు. పరంజాతో సహా నిలబెట్టిన ఇల్లు అది.

పేరుకు అర్థం ‘గర్భంలో’ అని. విడుదలై ఏడు నెలలు నిండకముందే, 1994 ఏప్రిల్ 5న, గాయకుడు, గీతరచయిత, గిటారిస్టు కర్ట్ కోబేన్ 27 ఏళ్ళ వయసులో తన ప్రాణం తానే తీసుకున్నాడు. అప్పటినుంచి ఈ ఆల్బమ్‌ను చావుకు ముందు రాసిపెట్టిన ఉత్తరంలా వినడం ఆనవాయితీ అయిపోయింది. ప్రతి మాటలో ఒక సూచన వెతుకుతారు, ప్రతి కేకలో ఒక వీడ్కోలు వింటారు. ఇలా వినడం ఆల్బమ్‌కు అన్యాయం చేస్తుంది. ముగ్గురు వాద్యకారులు, ఒక రికార్డింగ్ ఇంజనీరు కలిసి, ఎవరి మాట ఎక్కడ చెల్లాలో ముందే తేల్చుకుని, రెండు వారాల్లో ముగించిన పని ఇది. ఇంకా చెప్పాలంటే, ఆ ఇంజనీరుకు డబ్బు ఏ పద్ధతిలో ఇవ్వాలి అన్న ఒప్పందం దగ్గరే ఈ ధ్వనికి బీజం పడింది.

అంతకు రెండేళ్ళ ముందు సంగతి తెలియకపోతే ఈ ఒప్పందం విలువ అర్థం కాదు. నిర్వాణ మొదటి ఆల్బమ్ ‘బ్లీచ్’ 1989లో సబ్ పాప్ అనే సియాటిల్ చిన్న కంపెనీ నుంచి వచ్చింది. రికార్డింగ్ ఖర్చు సుమారు 600 డాలర్లు. ఆ మాట అట్ట మీదే అచ్చువేశారు. ఆల్టర్నేటివ్ రాక్ అనే మాటకు అప్పట్లో ఉన్న అర్థం అదే: చిన్న కంపెనీలు, కాలేజీ రేడియోలు, చిన్న హాళ్ళలో కచేరీలు, పెద్ద బజారుకు పక్కగా నడిచే ఒక సందు. 1991 సెప్టెంబరు 24న గెఫెన్ కంపెనీకి చెందిన డీజీసీ లేబుల్ మీద వచ్చిన రెండో ఆల్బమ్ ‘నెవర్‌మైండ్’ ఆ సందును తెచ్చి పెద్ద బజారులో కలిపేసింది. 1992 జనవరిలో అది మైకేల్ జాక్సన్ ‘డేంజరస్’ను పక్కకు నెట్టి అమెరికా ఆల్బమ్ జాబితాలో మొదటి స్థానానికి వెళ్ళింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని అబెర్డీన్ అనే కలప వ్యాపారపు ఊరి నుంచి వచ్చిన కోబేన్, బేసిస్టు క్రిస్ట్ నోవోసెలిచ్, 1990లో వచ్చి చేరిన డ్రమ్మర్ డేవ్ గ్రోల్ కొద్ది నెలల్లో ప్రపంచమంతా తెలిసిన ముఖాలయ్యారు.

‘నెవర్‌మైండ్’ నిర్మాత బుచ్ విగ్. లాస్ ఏంజెలెస్‌లోని సౌండ్ సిటీ స్టూడియోలో రికార్డు చేశాక, దాన్ని మిక్స్ చేసే పని, అంటే విడివిడిగా రికార్డయిన గొంతును, వాద్యాలను పాళ్ళు చూసి కలిపే పని, ఆండీ వాలస్‌కు ఇచ్చారు. ఆ ఆల్బమ్‌లో కోబేన్ గొంతు చాలాచోట్ల రెండు పొరలుగా ఉంటుంది. ఒకే వరుసను రెండుసార్లు పాడించి ఒకదాని మీద ఒకటి పేరిస్తే గొంతు నిండుగా, నునుపుగా వినిపిస్తుంది. డ్రమ్ముల మీద కృత్రిమంగా చేర్చిన ప్రతిధ్వని కూడా ఉంది. రేడియోలో, కారులో, సూపర్‌మార్కెట్ స్పీకర్లో, ఎక్కడ వేసినా ఒకేలా నిలబడే ధ్వని అది. పనితనంలో ఏ లోటూ లేదు. కానీ కోబేన్‌కు తర్వాత అది మింగుడుపడలేదు. గరుకుగా, వేగంగా సాగే పంక్ రికార్డుకన్నా మాట్లీ క్రూ లాంటి మెరుపుల మెటల్ బృందం రికార్డుకే దగ్గరగా ఉందని నిర్వాణ కథను పుస్తకంగా రాసిన రచయితతో చెప్పాడు. లక్షలమంది మెచ్చిన వస్తువు తనది కాదేమో అనిపించడం ఒక కళాకారుడికి చిన్న బాధ కాదు.

అందుకే మూడో ఆల్బమ్‌కు స్టీవ్ ఆల్బినీ దగ్గరికి వెళ్ళారు. పిక్సీస్ బృందం ‘సర్ఫర్ రోజా’, బ్రీడర్స్ బృందం ‘పాడ్’ రికార్డు చేసింది ఆయనే. కోబేన్‌కు ప్రాణమైన ఆల్బమ్‌లవి. చికాగోకు చెందిన ఆల్బినీ తనను నిర్మాత అని పిలవనిచ్చేవాడు కాదు. రికార్డింగ్ ఇంజనీరు, అంతే. పని ఒప్పుకోకముందు ఆయన నిర్వాణకు రాసిన ఉత్తరం తర్వాత బయటికొచ్చింది. రాక్ సంగీతపు ఆర్థికశాస్త్రం మీద ఇంత సూటిగా రాసిన పత్రం ఇంకొకటి దొరకడం కష్టం. తనకు ప్లంబర్‌కు ఇచ్చినట్టు కూలి ఇవ్వమన్నాడు: పని చేస్తాను, దాని విలువ ఎంతో అంత చెల్లించండి. తాను అమ్మకాల్లో ఒక శాతమో, ఒకటిన్నర శాతమో వాటా అడుగుతానని రికార్డు కంపెనీ అనుకుంటుందని, ముప్పై లక్షల కాపీలు పోతే అది నాలుగు లక్షల డాలర్ల దాకా అవుతుందని లెక్క వేసి చూపాడు. అంత డబ్బు తీసుకుంటే తనకు నిద్రపట్టదని రాశాడు. పాటలు రాసేది బృందం, వాయించేది బృందం, రికార్డు కొనేది ఆ బృందం అభిమానులు. అది బాగున్నా బాగోకపోయినా బాధ్యత వాళ్ళదే కాబట్టి రాయల్టీ కూడా వాళ్ళదే అన్నాడు. చివరికి ఆయన తీసుకున్న మొత్తం లక్ష డాలర్లు. ప్లంబర్ కూలికి అది చాలా ఎక్కువే, ఆ మాట దాచనక్కర్లేదు. అయినా ఒక్కసారికి తీసుకునే కూలికి, ఏళ్ళ తరబడి వచ్చే వాటాకు తేడా ఉంది. ఆ తేడా మైకులు పెట్టే చోటు దాకా వెళుతుంది.

వాటా ఉన్న నిర్మాత ప్రతి పాటనూ ఎంత అమ్ముడుపోతుంది అన్న కొలతతో వినక తప్పదు. పల్లవి త్వరగా రావడం లేదనిపిస్తే త్వరపెడతాడు. గొంతు వెనకబడితే ముందుకు లాగుతాడు. అది దురాశ కాదు, ఆయన ఒప్పుకున్న పని స్వభావమే అది. కూలి తీసుకున్నవాడికి ఆ బరువు లేదు. ఒక పాటను పలుమార్లు వాయించి రికార్డు చేసిన వాటిలో ఏది మంచి టేక్, ఏది కాదు అనే తీర్పు వాయించినవాళ్ళకే వదిలేయగలడు. గదిలో జరిగినదాన్ని ఉన్నదున్నట్టు పట్టుకోవడమే తన పని అనుకోగలడు. ఒక రికార్డుకు వారం కంటే ఎక్కువ పడుతోందంటే ఎవరో ఒకరు పని చెడగొడుతున్నట్టే అని కూడా ఆ ఉత్తరంలోనే ఉంది.

1993 ఫిబ్రవరి. మిన్నెసోటా రాష్ట్రంలో కానన్ ఫాల్స్ అనే చిన్న ఊరి బయట, చెట్ల మధ్య, ప్యాకిడెర్మ్ స్టూడియో. చుట్టూ మంచు. ఎవరూ వెతుక్కుంటూ రాకుండా ‘సైమన్ రిచీ గ్రూప్’ అనే మారుపేరుతో స్టూడియో తీసుకున్నారు. సైమన్ రిచీ అంటే బ్రిటిష్ పంక్ బృందం సెక్స్ పిస్టల్స్ బేసిస్టు సిడ్ విషస్ అసలు పేరు. స్టూడియో ఖర్చు 24,000 డాలర్లు. అప్పటికి ప్రపంచంలో అంత పేరున్న రాక్ బృందానికి అది చిల్లర కిందే లెక్క. పాటలను రికార్డు చేయడానికి ఆరు రోజులు పట్టింది, మిక్సింగ్‌కు మరో ఐదు రోజులు. నిర్వాణకు అది మెరుపు వేగం. ఒకటి రెండు రోజుల్లో మొత్తం ఆల్బమ్ మిక్స్ చేసే అలవాటున్న ఆల్బినీకి మాత్రం అది నత్తనడక.

ముగ్గురూ ఒకేసారి, కలిసి వాయించారు. గ్రోల్ డ్రమ్ముల చుట్టూ దాదాపు ముప్పై మైకులు అమర్చారు. ‘వెరీ ఏప్’, ‘టూరెట్స్’ లాంటి వేగమైన పాటలకు మాత్రం డ్రమ్ములను పక్కనున్న వంటగదిలోకి మార్చారు. అక్కడి గోడలు ఇచ్చే సహజమైన మోగుడు నచ్చి.

ముప్పై మైకులు ఎందుకు అనే ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి. ఈ ఆల్బమ్ రహస్యం అక్కడుంది. డ్రమ్ముకు ఆనించి పెట్టిన మైకు దెబ్బను మాత్రమే వింటుంది. మూడున్నర మీటర్ల దూరంలో పెట్టిన మైకుకు అదే దెబ్బ సెకనులో వందో వంతు ఆలస్యంగా చేరుతుంది, ఎందుకంటే శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లే ప్రయాణిస్తుంది. దాని వెనకే గోడకు తగిలి తిరిగొచ్చినది, కప్పుకు తగిలి దిగినది, నేల మీద జారినది ఒక్కొక్కటే చేరతాయి. మనిషి చెవి ఈ చిన్న చిన్న ఆలస్యాలను బట్టే గది ఎంత పెద్దదో, గోడలు రాతివో చెక్కవో, వాయించేవాడు ఎంత దూరంలో ఉన్నాడో పోల్చుకుంటుంది. కళ్ళు మూసుకుని గుడిలోకి అడుగుపెట్టినా అది గుడి అని తెలిసేది ఇందుకే. స్టూడియోల్లో సాధారణంగా దగ్గరి మైకుల శబ్దాన్నే తీసుకుని, దానికి యంత్రంతో ప్రతిధ్వని అద్దుతారు. ఆ ప్రతిధ్వనికి ఏ గదీ ఉండదు. ఆల్బినీ మాత్రం దగ్గరి మైకులతో పాటు దూరపు మైకుల శబ్దాన్నీ కలిపి ఆ గదినే పాటలోకి తెచ్చాడు. ‘సెంట్‌లెస్ అప్రెంటిస్’ మొదట్లో డ్రమ్ములు ఒంటరిగా మొదలైనప్పుడు ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. దెబ్బ పడిన చోటు, అది వెళ్ళి తగిలిన గోడ, రెండూ వినిపిస్తాయి. తలుపు తీసుకుని ఆ గదిలోకి వెళ్ళినట్టే ఉంటుంది. గదే ఈ బృందంలో నాలుగో సభ్యురాలు అనిపించేది ఇక్కడే.

గొంతు విషయంలోనూ ఇదే పద్ధతి. కోబేన్ తన పాటల్లో ఎక్కువ భాగం సుమారు ఆరు గంటల వ్యవధిలో పాడేశాడని చెబుతారు. ఎక్కువచోట్ల ఒంటి పొర గొంతే. ఊపిరి తీయడం, గొంతు జీర తిరగడం, చివరి అక్షరం దగ్గర గాలి చాలకపోవడం, అన్నీ అలాగే ఉన్నాయి. పైగా గొంతును వాద్యాల పైకెత్తి పెట్టలేదు, వాటి మధ్యలోనే ఉంచారు. వినేవాడు ముందుకు వంగి వినాల్సి వస్తుంది. ఈ ఆల్బమ్ మీద వచ్చిన పెద్ద ఫిర్యాదు, ‘మాటలు వినబడటం లేదు’ అన్నది, ఇక్కడినుంచే పుట్టింది. ఆ ఫిర్యాదులో నిజం లేకపోలేదు. కానీ ‘మిల్క్ ఇట్’ లాంటి పాట విన్నాక దాని బలం తగ్గుతుంది. చరణంలో గొంతు గొణుగుడు దాకా దిగిపోతుంది, గిటార్ ఒకటి రెండు స్వరాలను తడుముకుంటూ ఉంటుంది, ఉన్నట్టుండి అంతా ఒక్కసారి విరుచుకుపడుతుంది. చిన్న శబ్దానికి, పెద్ద శబ్దానికి మధ్య ఉన్న దూరాన్ని యంత్రంతో కుదించకుండా వదిలేస్తేనే ఆ భయం పుడుతుంది. రేడియోకు పనికొచ్చేలా ఆ దూరాన్ని చదును చేసి ఉంటే గొణుగుడు కూడా అరుపంత పెద్దదై, అరుపుకు విలువే ఉండేది కాదు.

ఈ గోల మధ్య రెండు పాటల్లో చెల్లో అనే, వయొలిన్ జాతికే చెందిన పెద్ద తీగవాద్యం వినిపిస్తుంది, ‘డమ్’లో, ‘ఆల్ అపాలజీస్’లో. వాయించింది కెరా షేలీ. ఈ రికార్డింగులో బృందానికి బయటినుంచి వచ్చి వాయించిన మనిషి ఆమె ఒక్కరే. చెల్లోను అలంకారంగా, తియ్యగా కాక, కింది స్వరాల్లో నెమ్మదిగా సాగే ఒక బరువుగా వాడారు. ఆల్బమ్‌లో అత్యంత మెత్తని క్షణాలివే. వాటి చుట్టూ అంత గరుకుదనం లేకపోతే ఈ మెత్తదనం ఇంతగా తాకేది కాదు.

టేపులు గెఫెన్ పెద్దల దగ్గరికీ, మేనేజర్ల దగ్గరికీ వెళ్ళాయి. వాళ్ళకు నచ్చలేదు. 1993 ఏప్రిల్‌లో చికాగో ట్రిబ్యూన్‌లో విమర్శకుడు గ్రెగ్ కాట్ రాసిన కథనంలో ఆల్బినీ, కంపెనీకి ఈ రికార్డు గిట్టలేదని, ఇది ఇలాగే విడుదలవుతుందన్న నమ్మకం తనకు లేదని అన్నాడు. న్యూస్‌వీక్ ఆ కథను అందుకుంది. కంపెనీ ఒత్తిడి చేస్తోందన్న మాటను ఖండిస్తూ నిర్వాణ రాసిన లేఖ బిల్‌బోర్డ్ పత్రికలో పూర్తి పేజీ ప్రకటనగా వచ్చింది. ఇక్కడ మంచివాళ్ళు, చెడ్డవాళ్ళు అని విడగొట్టి చెప్పడం సులువు, చాలామంది అలాగే చెప్పారు. అసలు సంగతి అంత తేలిక కాదు. ఇంటికెళ్ళి మళ్ళీ మళ్ళీ విన్నాక బేస్, మాటలు సరిగా వినబడటం లేదని బృందానికే అనిపించింది. మళ్ళీ మిక్స్ చేయమని ఆల్బినీని అడిగారు. ఇంతకన్నా మెరుగ్గా తాను చేయలేనన్నట్టు ఆయన ఒప్పుకోలేదు. మిక్సింగ్ తర్వాత అచ్చుకు ముందు జరిగే చివరి సవరణ అయిన మాస్టరింగ్‌లో బాబ్ లడ్‌విగ్ కొంత సరిదిద్దాడు. అదీ చాలదనిపించి, అప్పటికే ఆర్.ఇ.ఎం. బృందంతో పనిచేసి పేరు తెచ్చుకున్న స్కాట్ లిట్‌ను పిలిచి 1993 మేలో సియాటిల్‌లోని బ్యాడ్ యానిమల్స్ స్టూడియోలో ‘హార్ట్-షేప్డ్ బాక్స్’, ‘ఆల్ అపాలజీస్’ రెండింటినీ మళ్ళీ మిక్స్ చేయించారు. మిగిలిన పది పాటలు ఆల్బినీ మిక్సులతోనే వచ్చాయి.

ఎవరు ఒప్పు? 2013లో వచ్చిన ఇరవయ్యేళ్ళ ప్రత్యేక ప్రచురణలో ఆ రెండు పాటల ఆల్బినీ మిక్సులు కూడా చేర్చారు కాబట్టి ఇప్పుడు పక్కపక్కన పెట్టి వినొచ్చు. ‘హార్ట్-షేప్డ్ బాక్స్’ విషయంలో లిట్ చేసినదే మేలు. కోబేన్ అప్పుడు కొత్తగా చేర్చిన అకూస్టిక్ గిటార్, వెనక కలిపిన రెండో గొంతు ఆ పాటకు కావలసిన లోతునిచ్చాయి. గిటార్ సోలో మీద మొదట వేసిన వణుకుడు ఎఫెక్ట్‌ను నోవోసెలిచ్ తొలినుంచీ వద్దంటూ వచ్చాడు, అది పోవడమూ మంచిదైంది. ‘ఆల్ అపాలజీస్’ దగ్గర మాత్రం ఆల్బినీ మిక్సు వైపే మొగ్గు చూపాలి. గదిలో గాలి ఆడుతున్నట్టు, చెల్లో పక్క మూలనుంచి వస్తున్నట్టు ఉంటుంది అందులో. లిట్ మిక్సులో పాట దగ్గరైంది కానీ గది మాయమైంది. ఆల్బినీ పద్ధతిని నమ్మినవాళ్ళు కూడా ఒకటి ఒప్పుకోవాలి: రాయల్టీ వాళ్ళది, బాధ్యత వాళ్ళది అని ఉత్తరంలో రాసినప్పుడు, మార్చుకునే హక్కు కూడా వాళ్ళదే అవుతుంది. నిర్వాణ ఆ హక్కును వాడుకుంది. ఆల్బినీ సూత్రం ఓడిపోయిందని కొందరు అనుకునే చోటే అది పూర్తిగా అమలైంది.

ఇక మాటల సంగతి. తన పాటలు చాలావరకు వ్యక్తిగతం కావని కోబేన్ అంటూ ఉండేవాడు. అయితే మొదటి పాట ‘సర్వ్ ద సర్వెంట్స్’ కౌమారపు ఆక్రోశం బాగానే డబ్బు తెచ్చిపెట్టిందన్న మాటతో మొదలై, తల్లిదండ్రుల విడాకుల దాకా వెళుతుంది. విడాకులు జరిగినప్పుడు అతనికి తొమ్మిదేళ్ళు. 1992 ఆగస్టులో అతనికి, గాయని కోర్ట్నీ లవ్‌కు కూతురు పుట్టింది. గర్భిణిగా ఉన్నప్పుడు లవ్ మాదకద్రవ్యాలు వాడిందని ఒక పెద్ద పత్రిక రాయడంతో బిడ్డ సంరక్షణ విషయం కోర్టు దాకా వెళ్ళింది. పాల గురించి, బొడ్డుతాడు గురించి, జబ్బుల గురించి, మందుల గురించి ఆల్బమ్ నిండా కనిపించే మాటలకు ఈ నేపథ్యం ఉంది. అట్ట మీద రెక్కలు తొడిగిన పారదర్శకమైన స్త్రీ శరీర నమూనా, వెనకవైపు కోబేన్ తన ఇంట్లో నేల మీద పేర్చిన పువ్వులు, పిండాల బొమ్మలు కూడా ఆ కోవలోవే. ఆల్బమ్ పేరు సైతం లవ్ రాసిన ఒక కవితలోంచి తీసుకున్నది.

కానీ అన్నీ అతని సొంత గాయాలే అనుకోవడం కుదరదు. ‘సెంట్‌లెస్ అప్రెంటిస్’ పాట్రిక్ జ్యూస్కిండ్ నవల ‘పెర్ఫ్యూమ్’లో ఒంటికి వాసనే లేకుండా పుట్టిన మనిషి గురించి. ఆ పాటకు ఆధారమైన రిఫ్, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ వరుస, గ్రోల్ తెచ్చింది. అది మరీ అరిగిపోయినట్టుందని కోబేన్‌కు మొదట అనిపించింది, తర్వాత ముగ్గురూ కూర్చుని దాన్ని పాటగా మలిచారు, పేర్లు కూడా ముగ్గురివీ పడ్డాయి. ‘ఫ్రాన్సిస్ ఫార్మర్ విల్ హావ్ హర్ రివెంజ్ ఆన్ సియాటిల్’లో కనిపించేది, సియాటిల్‌లో పుట్టి, హాలీవుడ్‌లో వెలిగి, 1940లలో ఏళ్ళ తరబడి మానసిక చికిత్సాలయంలో బందీగా గడిపిన నటి. ‘హార్ట్-షేప్డ్ బాక్స్’కు బీజం క్యాన్సర్ వచ్చిన పిల్లల మీద టీవీలో చూసిన కార్యక్రమాలని కోబేన్ చెప్పాడు. ‘రేప్ మీ’ అత్యాచారానికి వ్యతిరేకంగా, గురైనవారి గొంతుతో రాసిన పాట. ఆ పేరు వల్ల చాలా అపార్థాలు వచ్చాయి. 1992 సెప్టెంబరులో సంగీత టీవీ చానల్ ఎంటీవీ అవార్డుల వేదిక మీద ఆ పాట వద్దని నిర్వాహకులు పట్టుబడితే, దాని మొదటి కొన్ని వరుసలు వాయించి, ఆ తర్వాత ఒప్పుకున్న ‘లిథియం’లోకి మారారు.

చావు ఉత్తరం అనే వాదన ఎక్కడ కూలిపోతుందో తేదీలు చూస్తే తెలుస్తుంది. ‘డమ్’ను కోబేన్ 1990 సెప్టెంబరులోనే ఒలింపియాలోని ఒక కాలేజీ రేడియోలో పాడాడు. ‘పెనీరాయల్ టీ’ కూడా ఆ ఏడాదిదే. ‘రేప్ మీ’ 1991లో రాసింది. ఇక అందరూ వీడ్కోలు పాటగా వినే ‘ఆల్ అపాలజీస్’ను నిర్వాణ మొదట రికార్డు చేసింది 1991 జనవరి 1న, సియాటిల్‌లో, అంటే ‘నెవర్‌మైండ్’ ఇంకా విడుదల కాకముందు. 2013 నాటి ప్రత్యేక ప్రచురణలో ఆ తొలి రూపం ఉంది. కాస్త చలాకీగా, టాంబొరిన్ చప్పుడుతో సాగుతుంది. అప్పటికి కీర్తి లేదు, పెళ్ళి లేదు, బిడ్డ లేదు, కోర్టులు లేవు. ఇరవై మూడేళ్ళ కుర్రాడు రాసిన పాట అది. ఆ కుర్రాడిలో దుఃఖం లేదని కాదు. ఆ దుఃఖాన్ని అతను పాటగా, పనిగా మార్చుకున్నాడని, ఆ పని మీద ఏళ్ళ తరబడి శ్రద్ధ పెట్టాడని ఈ తేదీలు చెబుతాయి. నాలుగు కాలాల నుంచి ఏరిన పాటలను 1993 ఫిబ్రవరిలో ఒకే గదిలో, ఒకే గొంతుతో పాడారు కాబట్టి అవన్నీ ఒకే మనఃస్థితిలోంచి పుట్టినట్టు అనిపిస్తాయి. గది చేసిన పని అంత బలమైనది.

ఆల్బమ్‌కు మొదట అనుకున్న పేరు ‘నన్ను నేను ద్వేషించుకుంటున్నాను, చచ్చిపోవాలనుంది’ అనే అర్థమిచ్చేది. దీన్ని కూడా తర్వాత సాక్ష్యంగా చూపారు. కానీ ఎప్పుడూ విసుక్కుంటూ, ఏడుస్తూ ఉంటాడని తనను పత్రికలు చిత్రించిన తీరు మీద వేసిన చమత్కారంగానే కోబేన్ దాన్ని వివరించాడు. అది కోర్టు దావాలకు దారితీస్తుందేమోనని నోవోసెలిచ్ వద్దన్నాడు, పేరు మారింది.

సెప్టెంబరు 21న అమెరికాలో సీడీ వచ్చింది. మొదటి వారంలో 1,80,000 కాపీలు పోయి నేరుగా మొదటి స్థానంలో దిగింది. వాల్‌మార్ట్, కేమార్ట్ దుకాణాల్లో మాత్రం దొరకలేదు. 1994 మార్చిలో వాటికోసం వెనక అట్ట బొమ్మ మార్చి, ‘రేప్ మీ’ పేరును ‘వెయిఫ్ మీ’ అని దిద్దిన ప్రతి ఒకటి తెచ్చారు. ‘వెయిఫ్’ అంటే దిక్కులేని పిల్ల అని. లోపల పాటలో మాట మార్చలేదు. ఇది రాజీ అని అప్పట్లో చాలామంది అభిమానులు నొచ్చుకున్నారు. చిన్నప్పుడు తమకు పాటలు కొనుక్కోవడానికి అలాంటి దుకాణాలు తప్ప వేరే దిక్కు ఉండేది కాదని బృందం ఇచ్చిన జవాబు మాత్రం గౌరవించదగ్గది. అబెర్డీన్ లాంటి ఊళ్ళో మంచి రికార్డు షాపు కోసం ఎంత దూరం పోవాలో వాళ్ళకు తెలుసు.

కాలక్రమంలో ‘ఇన్ యుటెరో’ అమ్మకాలు అమెరికాలోనే యాభై లక్షల ధ్రువీకరణ అందుకున్నాయి. ఉత్తరంలో ఆల్బినీ ఊహించిన ముప్పై లక్షలకన్నా ఎక్కువ. దాని మీద ఆయనకు వాటా లేదు. 1997లో చికాగోలో ఎలక్ట్రికల్ ఆడియో అనే సొంత స్టూడియో కట్టుకుని, పేరున్న బృందానికీ, ఎవరికీ తెలియని బృందానికీ అదే కూలి పద్ధతిలో రికార్డు చేస్తూ, 2024 మే 7న 61 ఏళ్ళ వయసులో గుండెపోటుతో చనిపోయేదాకా ఆ మాట మీదే ఉన్నాడు.

అమెరికా బయట అమ్మిన సీడీల్లో ఒక అదనపు పాట ఉంది. ‘ఆల్ అపాలజీస్’ చివరి మోత అణిగిపోయాక ఆపకుండా వదిలేస్తే దాదాపు ఇరవై నిమిషాలు నిశ్శబ్దం. ఆ తర్వాత ఉన్నట్టుండి ముగ్గురూ మళ్ళీ మొదలెడతారు. 1993 జనవరిలో, కచేరీల కోసం బ్రెజిల్ వెళ్ళినప్పుడు, రియో డి జనీరోలోని ఒక స్టూడియోలో టేపు తిరుగుతుండగా అప్పటికప్పుడు అల్లుకున్నది. నోవోసెలిచ్, గ్రోల్ ఒకే వరుసను పట్టుకుని వదలకుండా వాయిస్తూ పోతుంటే, కోబేన్ నోటికొచ్చిన మాటలు పేరుస్తూ, మధ్యలో గిటార్‌ను కీచుమనిపిస్తూ ఏడున్నర నిమిషాలు గడిపాడు. పల్లవి లేదు, ముగింపు లేదు. ఓపిగ్గా సీడీని తిరగనిచ్చిన శ్రోతకు ఈ ఆల్బమ్‌లో చివరగా వినిపించేది అదే.